నాలుగు వేళ్ల పైనుంచి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి దామోదర రాజనర్సింహ గారికి బహిరంగ లేఖ



నేను గాజులరామారంలో ఉంటాను. ఎక్స్‌రేలు, సీటీలు చూసి రిపోర్టు రాయడం నా వృత్తి. మాలాంటివాళ్లు ప్రభుత్వానికి రాసే ఉత్తరాల్లో మామూలుగా కొత్త మిషన్ కావాలనో, పాత బిల్లులు రాలేదనో ఉంటుంది. ఈ ఉత్తరంలో ఆ రెండూ లేవు. ఇప్పటికే ఉన్న సీటీ మిషన్‌ను కొందరు రోగుల విషయంలో మామూలుకన్నా నాలుగు వేళ్ల పైనుంచి మొదలుపెట్టమని మీ శాఖ ఒక మాట చెప్పాలి. అడుగుతున్నది ముఖ్యంగా అదే. ఎందుకు చెప్పాలో వివరించడానికి మాత్రం మీరు కాస్త ఓపిక పట్టాలి. చాలామంది పేరు కూడా వినని ఒక జబ్బు గురించి చెప్పాల్సి ఉంది.

మీ శాఖ టీబీ మీద చేస్తున్న పనితోనే మొదలుపెడతాను. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. 2024 డిసెంబర్ 7న దేశంలో వంద రోజుల టీబీ ప్రచారం మొదలైంది. చేత్తో పట్టుకుపోయే చిన్న ఎక్స్‌రే మిషన్లతో, దగ్గు లేనివాళ్లకు కూడా ఛాతీ ఫిల్ము తీయాలన్నది అందులో భాగం. నీడ కనబడితే కఫం టీబీ క్రిమిని వెతికే పరీక్షకు, ట్రూనాట్‌కో సీబీనాట్‌కో వెళ్తుంది. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. గాజులరామారం, సూరారం, జగద్గిరిగుట్ట, షాపూర్‌నగర్, చింతల్ లాంటి చోట్ల, ఒక్క గదిలో ఐదారుగురు పడుకునే ఇళ్లున్న చోట, టీబీని గుమ్మం దాకా వెతుక్కుంటూ పోవాల్సిందే.

నా ప్రశ్న ఆ తర్వాతి మెట్టు గురించి. ఫిల్ములో నీడ ఉంది. కఫంలో టీబీ క్రిమి దొరకలేదు. అప్పుడు?

డాక్టరు లక్షణాలు చూసి, ఫిల్ము చూసి, ఇది టీబీయే అని నిర్ణయించి ఆరు నెలల మందులు మొదలుపెట్టవచ్చు. టీబీ కార్యక్రమం నిబంధనలు దానికి వీలిస్తాయి. ఇవ్వాలి కూడా, ఎందుకంటే కఫంలో దొరకని టీబీ బోలెడు. ఎక్కువమంది విషయంలో ఆ నిర్ణయం సరైనదే అవుతుంది. మిగిలిన కొద్దిమంది రెండు నెలలు మందులు మింగినా బరువు పెరగరు, జ్వరం తగ్గదు, నీడ ఇంకా పెద్దదవుతుంది. మందులకు లొంగని టీబీ ఏమో అన్న అనుమానం వెంటనే వస్తుంది. అసలిది టీబీయేనా అన్న అనుమానం చాలా ఆలస్యంగా వస్తుంది. ఆ కొద్దిమందిలో కేన్సర్ ఉన్నవాళ్లుంటారు, ఫంగస్ ఉన్నవాళ్లుంటారు, సార్కాయిడ్ ఉన్నవాళ్లుంటారు. ఇంకా అరుదుగా, గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలీయాంజైటిస్ ఉన్నవాళ్లుంటారు.

పేరు పొడుగు కాబట్టి డాక్టర్లు జీపీఏ అంటారు. 2011 దాకా వెగెనర్స్ అనేవారు. 1930ల్లో దీన్ని వివరించిన జర్మన్ పెథాలజిస్టు ఫ్రీడ్రిష్ వెగెనర్‌కు నాజీ పార్టీతో ఉన్న సంబంధాలు బయటపడ్డాక ఆ పేరు తీసేశారు. మా తరం నోట మాత్రం అప్పుడప్పుడు పాత పేరే దొర్లుతుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే సన్నని రక్తనాళాల గోడల మీద పడి కొరకడం ఈ జబ్బు స్వభావం. ముక్కు, సైనస్‌లు, చెవులు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఎక్కువగా దెబ్బతింటాయి. యూరప్ లెక్కల ప్రకారం ఏడాదికి పది లక్షల జనాభాలో రెండు నుంచి పన్నెండు కొత్త కేసులు వస్తాయి.

మందు లేని రోజుల్లో ఇది మనిషిని ఎంత తొందరగా తీసుకుపోయేదో 1958లో వాల్టన్ అనే వైద్యుడు లెక్క తీశాడు. జబ్బు మొదలయ్యాక సగటున ఐదు నెలలు. 1970ల్లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో ఆంథొనీ ఫౌచీ, షెల్డన్ వుల్ఫ్ కలిసి సైక్లోఫాస్ఫమైడ్‌నూ స్టిరాయిడ్‌నూ జతచేసి ఇవ్వడం మొదలుపెట్టాక కథ మారింది. కరోనా రోజుల్లో టీవీలో రోజూ కనబడిన ఫౌచీయే ఆయన. అంతకు చాలా ముందే ఈ జబ్బు రోగుల ప్రాణాలు నిలిపిన మనిషి అని మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ. 1992లో అదే సంస్థ 158 మంది రోగుల అనుభవం ప్రచురించింది. నాలుగింట మూడొంతుల మందిలో జబ్బు పూర్తిగా అణిగింది. అణిగినవాళ్లలో సగం మందికి మళ్లీ తిరగబెట్టింది కూడా.

ఆ 158 మందిలో నూటికి పదహారుగురికి గొంతు లోపల, స్వరతంత్రులకు కాస్త కింద, గాలిదారి ఇరుకైపోయింది. ఆ చోటును మేం సబ్‌గ్లాటిస్ అంటాం. పిల్లల్లోనూ, పదిహేను పదహారేళ్ల వయసులో జబ్బు మొదలైనవాళ్లలోనూ ఈ ఇరుకు ఇంకా ఎక్కువ. నా ఉత్తరమంతా ఆ చిన్న చోటు గురించే.

ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషి శ్వాసనాళం అడ్డంగా పది నుంచి ఇరవై మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది ఎనిమిదికి తగ్గితే మెట్లెక్కినప్పుడు ఆయాసం వస్తుంది. ఐదుకు తగ్గితే కూర్చున్నచోటే వస్తుంది. నల్లా పైపు సగం పూడితే నీళ్లు సగం వస్తాయని మనం అనుకుంటాం. గొట్టంలో పారే దేనికైనా లెక్క అలా ఉండదు. గాలిదారి వ్యాసం సగమైతే ఊపిరికి ఎదురొచ్చే అడ్డు పదహారు రెట్లవుతుంది. అందుకే ఈ రోగులు నెలల తరబడి ఏమీ లేనట్టే తిరిగి, చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లు పోయిన వారంలో ఊపిరాడక అర్ధరాత్రి దవాఖానకు పరుగెత్తుతారు.

షాపూర్‌నగర్‌లో కుట్టుపని చేసుకునే ముప్పై ఏళ్ల అమ్మాయిని ఊహించుకోండి. నిజం మనిషి కాదు. వైద్య పుస్తకాల్లోని లక్షణాలను మా పేట దారుల్లో నడిపించి చూపిస్తున్నాను. ముందు ముక్కు దిబ్బడ, ముక్కులో పక్కులు కట్టడం, చీదితే నెత్తురు. సైనస్ అన్నారు, మందులిచ్చారు. తర్వాత ఒక చెవి సరిగా వినబడలేదు. చెవి మందులిచ్చారు. ఆ పైన ఆయాసం. దమ్ము అన్నారు, ఇన్‌హేలర్ ఇచ్చారు. ఇన్‌హేలర్‌తో తగ్గలేదు గాని స్టిరాయిడ్ మాత్రలు వేసుకున్నన్నాళ్లు నిమ్మళంగా ఉండి, ఆపగానే తిరగబెట్టింది. తగ్గింది కాబట్టి దమ్మే అన్న నమ్మకం అందరికీ బలపడింది. నిజానికి ఆ మాత్రలకు అణిగింది రక్తనాళాల వాపు. చివరికి ఎక్స్‌రే తీస్తే నీడ. ఇంక టీబీ. ఒక్కొక్క డాక్టరూ తన ముందు పెట్టిన ముక్కకు తనకు తోచిన సరైన వైద్యమే చేశాడు. ముక్కు కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి చీటీలో ఉంటుంది, ఊపిరితిత్తి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి చీటీలో ఉంటుంది, కిడ్నీ దాకా వస్తే నిమ్స్ చీటీలో ఉంటుంది.  మూడు చీటీలూ ఒక్క బల్ల మీద పరిచి చూసేవాళ్లు ఉండరు.

ఇక్కడ చెవికి దొరికే ఒక ఆనవాలు ఉంది. దమ్ములో పిల్లికూతలు ఛాతీలో, ఊపిరి వదిలేటప్పుడు ఎక్కువగా వినబడతాయి. సబ్‌గ్లాటిస్ ఇరుకైతే చప్పుడు గొంతులో, ఊపిరి లోపలికి లాగేటప్పుడు వస్తుంది. స్టెతస్కోపు ఒక్కసారి మెడ మీద పెడితే తేడా తెలుస్తుంది. ఊదించి చేసే స్పైరోమెట్రీలోనూ తెలుస్తుంది. దమ్ము రోగి గీత ఊపిరి వదిలే వైపు గుంటలా వంగిపోతుంది. గాలిదారి ఇరుకై బిగుసుకుపోయిన రోగి గీత పైనా కిందా కత్తిరించినట్టు చదునుగా ఉంటుంది. రెండు పరీక్షలకూ పెద్దగా ఖర్చు లేదు. ఓపీలో రెండు వందల మంది వరుసలో నిలబడి ఉంటే మెడ మీద స్టెతస్కోపు పెట్టే తీరిక ఏ డాక్టరుకుంటుందన్నది మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా గది సంగతికి వస్తాను, అసలు చెప్పదలచుకున్నది అదే.

ఛాతీ సీటీ అని చీటీ వస్తే టెక్నీషియన్ ఊపిరితిత్తుల పైకొస దగ్గర మొదలుపెట్టి కాలేయం దాకా తీస్తాడు. చీటీ అడిగింది అంతే. సబ్‌గ్లాటిస్ ఆ పైకొసకన్నా పైన, మెడలో ఉంటుంది. కాబట్టి ఆ చిత్రాల్లో అది పడదు. మేం రిపోర్టులో శ్వాసనాళం నార్మల్ అని రాస్తాం. పడిన మేరకు అది నార్మలే. చదివిన డాక్టరుకు మాత్రం గాలిదారి అంతా నార్మల్ అనే అర్థమవుతుంది. దాంతో గొంతును అనుమానించే చివరి అవకాశం కూడా మూసుకుపోతుంది. నా వృత్తిలో ఇంత అమాయకంగా కనబడుతూ ఇంత నష్టం చేసే వాక్యం ఇంకొకటి లేదు.

రెండో చిక్కు సీటీ ముక్కల మందం. ఈ ఇరుకు ఒక్కోసారి ఒక సెంటీమీటరు పొడుగే ఉంటుంది. ఐదు మిల్లీమీటర్ల ముక్కలుగా చూస్తే రెండు చిత్రాల్లో దాటిపోతుంది. అదే సమాచారాన్ని ఒక మిల్లీమీటరు ముక్కలుగా కూర్చి, ఎదుటినుంచీ పక్కనుంచీ నిలువుగా తిప్పి చూస్తే గాలి స్తంభం నడుం నొక్కుకుపోయినట్టు స్పష్టంగా కనబడుతుంది. నేటి మిషన్లు ఆ సన్నని ముక్కలకు సరిపడే సమాచారాన్ని ఎలాగూ సేకరిస్తాయి. అవి తెరిచి చూడాలంతే.

కనబడ్డాక ఎలా చదవాలన్నది ఇంకో కథ. శ్వాసనాళానికి ముందూ పక్కలా మృదులాస్థి వలయాలుంటాయి, వెనక మెత్తని పొర ఉంటుంది. రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్ అనే మరో ఆటోఇమ్యూన్ జబ్బు మృదులాస్థి మీద పగబట్టింది కాబట్టి వెనక పొర జోలికి పోదు. జీపీఏకు ఆ వివక్ష లేదు. గోడ చుట్టూతా మందమవుతుంది, వెనక పొరతో సహా. అమిలాయిడ్ జబ్బు కూడా చుట్టూ రావచ్చు, టీబీ మచ్చ కూడా చుట్టూ రావచ్చు. అందువల్ల సీటీ ఒక్కటే తీర్పు చెప్పలేదు. ఎటు వెళ్లాలో మాత్రం చూపిస్తుంది.

ఇంకా కిందికి, ఊపిరితిత్తుల్లోకి చీలే బ్రాంకస్‌లలోకి దిగితే వింతలు పెరుగుతాయి. ఒక బ్రాంకస్ పూర్తిగా మూసుకుపోయి దాని వెనక ఊపిరితిత్తి భాగమంతా ముడుచుకుపోతుంది. చూడగానే కేన్సర్ అనిపిస్తుంది, చాలాసార్లు అలాగే రిపోర్టు కూడా వెళ్తుంది. కొందరిలో నాళం లోపల మచ్చ దారాలు ఒక గోడ నుంచి ఎదుటి గోడకు అంటుకుపోతాయి. కొందరిలో మృదులాస్థి వలయాలకు సున్నం పడుతుంది. ఇంకొందరిలో గోడ బలం పోయి ఊపిరి వదిలినప్పుడల్లా నాళం కూలిపోతుంది. ఊపిరి బిగబట్టి తీసే మామూలు సీటీలో ఇది చక్కగా విచ్చుకునే ఉంటుంది. ఊపిరి వదిలిస్తూ ఇంకో వరుస చిత్రాలు తీస్తేనే బయటపడుతుంది. ఊపిరితిత్తి లోపలి గడ్డలు కూడా ఆనవాలు ఇస్తాయి. టీబీ పెద్దల్లో ఎక్కువగా పై భాగాలను పట్టుకుంటుంది, జీపీఏకు పైనా కిందా తేడా లేదు. గడ్డ పెరిగితే నడుమ బొరియ పడుతుంది, బొరియ గోడ మందంగా, గరుకుగా ఉంటుంది. నెల తర్వాత తీస్తే ఒకచోట నీడ పోయి మరోచోట కొత్తది లేచి ఉండవచ్చు.

అన్నిటికన్నా మోసం చేసేది వేళ. ఊపిరితిత్తులు బాగయ్యాక, కిడ్నీ నిలబడ్డాక, రక్తపరీక్షలు చల్లబడ్డాక గొంతు ఇరుకు కావడం ఈ జబ్బులో తెలిసిన సంగతే. మచ్చ మెల్లగా ముడుచుకుంటుంది. అప్పటికి రోగి పెద్ద ఆసుపత్రికి వెళ్లడం తగ్గించి, వీధి చివరి క్లినిక్‌లో దమ్ముకు మందులు తీసుకుంటూ ఉంటుంది.

పరీక్షల మాట. జీపీఏను పట్టుకోవడానికి ఆంకా అనే రక్తపరీక్ష ఉంది. ఆ ప్రతిరక్షకాలను 1982లో ఆస్ట్రేలియాలో మొదట వర్ణించారు. 1985లో డచ్, డేనిష్ పరిశోధకులు వాటిని ఈ జబ్బుతో ముడిపెట్టారు. గొప్ప పరీక్ష, కానీ రెండు వైపులా జారుతుంది. జబ్బు ముక్కు, గొంతు వరకే ఉన్నవాళ్లలో నెగటివ్ రావచ్చు. టీబీ ఉన్నవాళ్లలో పాజిటివ్ రావచ్చు. ముక్క కోసి పరీక్షకు పంపినా చిక్కే. రెండు జబ్బుల్లోనూ గ్రాన్యులోమా ఉంటుంది, కణజాలం కుళ్లడం ఉంటుంది. టీబీ దేశంలో పెథాలజిస్టు కలం ముందుగా టీబీ వైపే వాలుతుంది. సబ్‌గ్లాటిస్ నుంచి తీసిన చిన్న ముక్కలో అయితే తరచూ వట్టి వాపు తప్ప ఏమీ దొరకదు. కాబట్టి ముక్కు, గొంతు, ఊపిరితిత్తి, మూత్రం, రక్తం అన్నీ కలిపి ఒకచోట కూర్చుని ఆలోచించాల్సిన జబ్బు ఇది. తొందరపడి అటువైపు దూకినా ప్రమాదమే. టీబీ ఉన్న మనిషికి జీపీఏ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తే ఆ మనిషి మిగలడం కష్టం. నేను టీబీ మందులు తక్కువ ఇవ్వమని చెప్పడం లేదు. ఇచ్చాక ఒకరోజు ఆగి చూడమంటున్నాను.

మా వైపు ఇంకో సంగతి కూడా ఉంది. జీడిమెట్ల పారిశ్రామికవాడ ఫౌండ్రీల్లో ఇసుక అచ్చుల పని చేసేవాళ్లు, రాయి కోసేవాళ్లు, గ్రానైట్ పాలిష్ పట్టేవాళ్లు ఈ చుట్టుపక్కలే అద్దెకుంటారు. సిలికా ధూళి టీబీ ముప్పును పెంచుతుందని అందరికీ తెలుసు. ఆంకాతో వచ్చే రక్తనాళ జబ్బులకూ ఆ ధూళికీ సంబంధం కనబడిందని బయటి దేశాల అధ్యయనాలు కూడా చెబుతున్నాయి. అంటే ఇక్కడ ఒకే ధూళి రెండు జబ్బుల వైపూ వేలు చూపుతోంది. కాబట్టి ఏ పని చేస్తావని రోగిని అడిగి, ఆ జవాబు సీటీ చీటీ మీద రాయడం మా ప్రాంతంలో మరీ అవసరం.

మందు సంగతి చెబితే మీకూ ఆశ్చర్యం కలగవచ్చు. రిటుక్సిమాబ్ అనే మందు తీవ్రమైన ఆంకా జబ్బుల్లో సైక్లోఫాస్ఫమైడ్‌కు ఏమాత్రం తీసిపోదని 2010లో 197 మంది మీద జరిగిన రేవ్ పరీక్ష తేల్చింది. 2011లో అమెరికా దీన్ని ఈ జబ్బుకు ఆమోదించింది. దానికి నాలుగేళ్ల ముందే, 2007లో, మన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ రిటుక్సిమాబ్‌కు సాటి మందును రెడిటక్స్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అప్పట్లో అది రక్త కేన్సర్ల కోసం, విదేశీ మందు ధరలో దాదాపు సగానికి. ఆ కంపెనీ బయొలాజిక్స్ కేంద్రం బాచుపల్లిలో ఉంది, మా ఇంటి నుంచి ఆటోలో పోయే దూరం. ఆ కంపెనీ పెట్టిన అంజిరెడ్డి గారు ఉద్యోగ జీవితం మొదలుపెట్టింది మా పక్కనే ఉన్న ఒకప్పటి ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో. ఐడీపీఎల్ గేటు ముందు నుంచి రోజూ బస్సెక్కే మనిషికి, బాచుపల్లిలో పుట్టిన మందు అవసరమైన జబ్బు ఉండి, ఆ జబ్బు పేరు తెలియక టీబీ మాత్రలు మింగుతూ ఉండే పరిస్థితి ఉందంటే లోపం మందుల దగ్గర లేదు. మందుకూ మనిషికీ మధ్య ఉన్న చీటీ దగ్గర ఉంది.

అందుకే చీటీ గురించి అడుగుతున్నాను.

కఫంలో క్రిమి దొరక్కుండా టీబీ మందులు మొదలుపెట్టిన ప్రతి రోగికీ రెండు నెలల చివర ఒక ఆగి చూసే రోజు ఉండాలి. బరువు, జ్వరం, కొత్త ఫిల్ము. వీటితోపాటు నాలుగు ప్రశ్నలు: ముక్కులో పక్కులు కడుతున్నాయా, చెవి వినికిడి తగ్గిందా, గొంతు బొంగురుపోయిందా, ఊపిరి లోపలికి లాగేటప్పుడు చప్పుడు వస్తోందా? మూత్రంలో నెత్తురు, ప్రొటీన్ చూసే పట్టీ ఒకటి. కొన్ని రూపాయల పట్టీ అది, కిడ్నీ దెబ్బతింటున్న సంగతి రోగికి తెలియకముందే చెబుతుంది. ఇవన్నీ 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లోనే జరిగిపోవచ్చు. నర్సమ్మలకు, ఆశా కార్యకర్తలకు ఒక పూట శిక్షణ చాలు. జవాబుల్లో ఏది తేడాగా ఉన్నా ఆంకా నమూనా తెలంగాణ డయాగ్నొస్టిక్స్ దారిలోనే పైకి వెళ్లాలి, రోగి బస్సెక్కాల్సిన పని లేకుండా. నమూనాలు బస్తీ నుంచి తీసుకుపోయి ఫలితం ఫోనుకు పంపే ఏర్పాటు 2018 నుంచీ మీ చేతిలోనే ఉంది.

ఆ రోగులకు సీటీ రాసేటప్పుడు మెడ కలపాలి. మెడ కలిపితే రేడియేషన్ కాస్త పెరుగుతుంది, థైరాయిడ్ ఆ దారిలోనే ఉంది. అందుకే అందరికీ అని అనడం లేదు. ఆగి చూసే రోజున తేడా కనబడినవాళ్లకు, ఇన్‌హేలర్‌కు లొంగని దమ్ము ఉన్నవాళ్లకు, జీపీఏ అని తేలి మందులు వాడుతూ కొత్తగా ఆయాసం వచ్చినవాళ్లకు మాత్రమే.

నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. దేశంలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రులకు లేని అదృష్టం అది. ఎర్రగడ్డలో ఊపిరితిత్తుల నిపుణులున్నారు, కోఠీలో గొంతు నిపుణులున్నారు. వీళ్లు నెలకు ఒక్కసారి, వీడియోలోనైనా సరే, ఒకే రోగి చిత్రాలు ఒకే తెర మీద చూసే ఏర్పాటు కావాలి. 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన టిమ్స్ ఆసుపత్రుల్లో రెండు మాకు దగ్గర, ఎర్రగడ్డలో ఒకటి, అల్వాల్‌లో ఒకటి. అక్కడ గాలిదారి జబ్బులకు వారానికి ఒక పూట ఓపీ పెడితే సిద్దిపేట, మెదక్, కామారెడ్డి వైపు నుంచి వచ్చేవాళ్లకు కూడా పట్నం నడిబొడ్డు దాకా తిరిగే పని తప్పుతుంది.

డబ్బు విషయం. 2023 డిసెంబర్ 9న మీ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచింది. పరిమితి ఎంతున్నా జాబితాలో పేరు లేని చికిత్సకు కౌంటర్ దగ్గర పని జరగదు. ఇరుకైన గొంతును బెలూన్‌తో వెడల్పు చేసి, మచ్చలోనే స్టిరాయిడ్ సూదిమందు వేసే పద్ధతి ఉంది. దాంతో చాలామందికి మెడలో శాశ్వతంగా రంధ్రం పెట్టుకోవాల్సిన అవసరం తప్పుతుంది. అయితే అది ఒక్కసారితో అయ్యేది కాదు, కొన్ని నెలలకో ఏడాదికో మళ్లీ చేయాలి. రిటుక్సిమాబ్ కూడా అంతే, అణిగిన జబ్బును అణిగే ఉంచడానికి డోసులు తిరిగి పడాలి. ఈ రెండూ, తిరిగి తిరిగి చేసేవిగా, పేరుతో సహా ప్యాకేజీల్లో ఉండాలని కోరుతున్నాను. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన జబ్బుల విధానం ప్రధానంగా జన్యు జబ్బుల చుట్టూ తిరుగుతుంది. జీపీఏ లాంటివి అందులో చేరలేదు. కాబట్టి ఈ భారం రాష్ట్రమే ఎత్తుకోవాలి.

పది లక్షల్లో పదిమందికి వచ్చే జబ్బుకు ఇంత హడావిడి ఎందుకని మీ అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మెడ కలిపి తీసిన సీటీలో జీపీఏ కనబడటం అరుదు. కానీ అదే చిత్రంలో టీబీ తగ్గాక మిగిలిన మచ్చ ఇరుకు కనబడుతుంది. కరోనా రోజుల్లో వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉండి బయటపడినవాళ్ల శ్వాసనాళం ఇరుకు కనబడుతుంది. వీళ్లలోనూ ఎంతోమంది దమ్ము పేరుతో ఇన్‌హేలర్లు పీలుస్తున్నారు. థైరాయిడ్ గడ్డ నొక్కుడు కనబడుతుంది, గాలిదారిలో కణితి కనబడుతుంది. అరుదైన జబ్బు కోసం పెట్టిన నియమం మామూలు జబ్బులకే ఎక్కువ పనికొస్తుంది. నిజం చెప్పాలంటే మీ ఆర్థిక శాఖను ఒప్పించడానికి ముందు ఈ మాటే చెప్పాల్సింది. నాకు మాత్రం ఆ పదిమందే కళ్లముందు ఉంటారు. అందుకే వాళ్లతో మొదలుపెట్టాను.

ఇంకో చిన్న కోరిక. గొంతు ఇరుకని తేలిన రోగికి ఒక కార్డు ఇవ్వాలి, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో. ఊపిరాడక 108 ఎక్కినప్పుడు, వేరే ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ఆ కార్డు చూసిన డాక్టరు మామూలు సైజు ట్యూబుతో బలవంతం చేయడు. సన్నని ట్యూబు సిద్ధం చేసుకుంటాడు, గొంతు డాక్టరును పిలిపిస్తాడు. అప్పటికే గాయపడిన చోట పెద్ద ట్యూబు తోస్తే ఇరుకు మీద ఇంకో ఇరుకు తయారవుతుంది.

ఈ ఉత్తరం ప్రతులను నిమ్స్ డైరెక్టరుకు, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి సూపరింటెండెంటుకు, రాష్ట్ర టీబీ అధికారికి, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా వైద్యాధికారికి కూడా పంపుతున్నాను. ఆదేశం తయారుచేసే గుమస్తాకు శ్రమ తగ్గించడానికి, చీటీ మీద రాయాల్సిన నమూనాను కిందనే ఇస్తున్నాను. ఇలాగే అచ్చువేసి పంపినా సరిపోతుంది:

‘ఛాతీ సీటీ, స్వరపేటికతో కలిపి. ఒక మిల్లీమీటరు ముక్కలు, నిలువు చిత్రాలతో. ఊపిరి వదిలినప్పటి చిత్రాలు అదనం. స్వరతంత్రుల నుంచి బ్రాంకస్‌ల దాకా గాలిదారి కొలతలు మిల్లీమీటర్లలో రాయాలి. వెనక పొర మందమైందో లేదో రాయాలి. చిత్రాల్లో పడని భాగాన్ని నార్మల్ అని రాయకూడదు. రోగి చేసే పని:’

ఇట్లు
గాజులరామారం నివాసి, ఒక రేడియాలజిస్టు